డ్రాయింగ్ మీద పేరెవరిది? రక్షణ, విమాన తయారీ పరిశ్రమ విధానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. క్షిపణులకూ విమానాలకూ వెళ్లే భాగాలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇప్పుడు చిన్న యూనిట్లకు నాణ్యతా పత్రాల పనిలో సాయం చేస్తూ, అప్పుడప్పుడు పాలిటెక్నిక్ పిల్లలతో మాట్లాడుతుంటాను. ఎక్కడికి వెళ్లినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే వాటిని ఒకచోట చేర్చి, నా అభిప్రాయం దాచుకోకుండా జవాబులు రాస్తున్నాను.

మిగతా పరిశ్రమల్లాగే దీన్నీ మార్కెట్‌కు వదిలేయవచ్చు కదా? ప్రత్యేకంగా ఒక విధానం ఎందుకు?

సబ్బులు చేసేవాడికి కోట్లమంది కొనేవాళ్లుంటారు. ఒకరు వద్దంటే ఇంకొకరు కొంటారు. ఫిరంగి గొట్టం చేసేవాడికి దేశం మొత్తం మీద కొనేది ఒక్కరే, రక్షణ శాఖ. ఎలాంటిది కావాలో చెప్పేది ప్రభుత్వమే. పరీక్షించి పాస్ చేసేదీ, ధర ఒప్పుకునేదీ, బయటి దేశానికి అమ్ముకుంటామంటే అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే. అలాంటప్పుడు ఇక్కడ మార్కెట్ అనేదే ప్రభుత్వ విధానం లోంచి పుడుతుంది. ఒక ఏడాది ఆర్డరిచ్చి మూడేళ్లు ఊరుకుంటే మిషన్లు దుమ్ముపట్టిపోతాయి, పని నేర్చినవాళ్లు వేరే దారి చూసుకుంటారు. టైటానియం వెల్డింగ్‌లో చెయ్యి తిరిగిన మనిషి ఒకసారి వెళ్లిపోతే, ఆ స్థాయికి ఇంకొకరిని తేవడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మన దేశం ఎక్కడుంది?

2024-25లో దేశంలో జరిగిన రక్షణ ఉత్పత్తి విలువ సుమారు 1.51 లక్షల కోట్ల రూపాయలు. అందులో ప్రైవేటు రంగం వాటా 23 శాతం. ఎగుమతులు 23,622 కోట్లు. 2013-14లో ఇవి 686 కోట్లే. 2029 నాటికి ఉత్పత్తిని 3 లక్షల కోట్లకు, ఎగుమతులను 50 వేల కోట్లకు చేర్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది.

ఈ పెరుగుదల కాగితం మీది లెక్క మాత్రమే అనను. ఒకప్పుడు పాత లేత్‌లు తిరిగిన షెడ్లలో ఇవాళ కంప్యూటర్‌తో అయిదు దిశల్లో కదిలే ఫైవ్ యాక్సిస్ మిషన్లు తిరుగుతున్నాయి. అయినా ప్రపంచంలో ఆయుధాలను ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల వరుసలో మనం ఇంకా ముందే ఉన్నాం. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో కింది జవాబులో చెబుతాను.

ఇక్కడ తయారైతే మనదే కదా? తేడా ఏముంది?

మా దగ్గరికి వచ్చే ప్రతి డ్రాయింగ్‌కూ కుడివైపు కింది మూలన ఒక గడి ఉంటుంది. భాగం పేరు, నంబరు, ఏ లోహం, ఎన్నో రివిజన్, గీసిందెవరు, ఒప్పుకున్నదెవరు అన్నీ అందులోనే. మిగతా కాగితమంతా ఎలా చేయాలో చెబుతుంది. ఎవరి మాట చెల్లుతుందో చెప్పేది ఆ గడి.

ఒకసారి ఒక అల్యూమినియం బ్రాకెట్ ఆర్డరొచ్చింది. లోపలి మూలన కార్నర్ రేడియస్ మరీ చిన్నది, సన్నటి కట్టర్ పెట్టి మెల్లగా తీయాలి. అర మిల్లీమీటరు పెంచితే పని సగం సమయంలో అయిపోతుంది. మూల గుండ్రంగా ఉంటే బలం పెరుగుతుందే గానీ తగ్గదు. మా మేస్త్రి, "ఇంత చిన్నదానికి అడిగేదేంది సార్, చేసేద్దాం" అన్నాడు. "వద్దు మేస్త్రీ, ఆ గీత మనది కాదు" అన్నాను. ఉత్తరం రాశాం. అది ఆర్డరిచ్చిన సంస్థకు, అక్కణ్నుంచి సముద్రం అవతలున్న డిజైన్ యజమానికి వెళ్లి, పదకొండు వారాల తర్వాత కుదరదన్న ఒక్క మాటతో తిరిగొచ్చింది. కారణం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు.

హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ మొండేలు తయారవుతున్నాయి. సీ-130జే రవాణా విమానం తోక భాగాలు తయారవుతున్నాయి. రఫేల్ మొండేలు కూడా హైదరాబాద్‌లోనే చేయడానికి 2025లో ఒప్పందం కుదిరింది. ఈ పని విలువను నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. వేలమందికి అన్నం పెట్టింది, నాణ్యత అంటే ఏమిటో మాకు నేర్పింది. కానీ ఆ డ్రాయింగ్‌ల మూలన ఉన్న పేరు మనది కాదు. భానూరులో తయారయ్యే మన అస్త్ర క్షిపణిని మన యుద్ధ విమానం తేజస్‌కు అమర్చాలంటే మన ఇంజినీర్లు కూర్చుని చేసుకుంటారు. పరాయి విమానానికి అమర్చాలంటే దాని సాఫ్ట్‌వేర్ ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

2020 అక్టోబరులో అమల్లోకి వచ్చిన రక్షణ కొనుగోలు విధానం, ఇక్కడే డిజైన్ చేసి ఇక్కడే అభివృద్ధి చేసి తయారుచేసిన వాటికి మొదటి ప్రాధాన్యం ఇచ్చింది. కనీసం 50 శాతం దేశీయ విలువ ఉండాలన్నది. మంచి నియమమే. అయితే శాతాన్ని రూపాయల్లో లెక్కవేస్తే అసలు విషయం దాటిపోతుంది. వస్తువులో 70 శాతం ఖరీదు మనదై, దాని బుర్రలాంటి చిప్పూ, ఊపిరిలాంటి ఇంజినూ పరాయివైతే, యుద్ధం వచ్చిన రోజు మిగిలిన ఆ 30 శాతమే మన గొంతు పట్టుకుంటుంది. అందుకే విధానంలో మొదట లెక్కపెట్టాల్సింది, ఎవరినీ అడగకుండా ఏ భాగాన్ని మార్చుకోగలం అన్నది.

విమానం చేయగలిగినప్పుడు ఇంజిన్ ఎందుకు చేయలేకపోతున్నాం?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే. ఈ కథ మూడు తరాల నాటిది.

1961 జూన్‌లో బెంగళూరులో మారుత్ అనే యుద్ధ విమానం తొలిసారి ఎగిరింది. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ నాయకత్వంలో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన విమానం అది. ఆకారం చూస్తే ధ్వని వేగాన్ని దాటేలా గీశారు. కానీ అనుకున్న శక్తిగల బ్రిటిష్ ఇంజిన్ అభివృద్ధి మధ్యలో ఆగిపోయింది. డబ్బు పెడితే కొనసాగించే అవకాశం ఉన్నా మనం పెట్టలేదు. తక్కువ శక్తిగల ఆర్ఫియస్ ఇంజిన్లతోనే నడిపించాం. 1971 యుద్ధంలో మారుత్ తన పని తాను చేసింది గానీ, దాని రెక్కల్లో ఉన్న వేగం ఎప్పటికీ బయటికి రాలేదు. 147 విమానాలతో ఆ అధ్యాయం ముగిసింది. ఆ బృందం చెదిరిపోయింది.

తర్వాత 1989లో సొంతంగా చేయాలనుకున్న కావేరి ఇంజిన్‌కు 383 కోట్లు మంజూరు చేశారు. తేజస్‌కు అమర్చాలన్నది ఉద్దేశం. బరువు అనుకున్నదానికంటే పెరిగింది, తోపు శక్తి అనుకున్నంత రాలేదు. 2008లో తేజస్ నుంచి దాన్ని వేరుచేశారు. తేజస్ పుట్టిన ఎల్‌సీఏ (తేలికపాటి యుద్ధ విమాన) కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ గారి బృందం విమానాన్ని 2001 జనవరి 4న గాల్లోకి లేపింది, కానీ అమెరికన్ ఎఫ్-404 ఇంజిన్‌తో.

ఆ ఆధారపడటం ఎంత ఖరీదైందో ఈ మధ్య అందరూ చూశారు. 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందమైంది. వాటికోసం 99 ఇంజిన్లకు అదే ఏడాది ఆగస్టులో ఆర్డరిచ్చారు. మొదటి ఇంజిన్ వచ్చింది 2025 మార్చిలో. ఈలోగా విమానాల చట్రాలు సిద్ధమై ఇంజిన్ కోసం ఎదురుచూశాయి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21 యుద్ధ విమానాలు సెలవు తీసుకున్నాయి. 42 స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు) ఉండాల్సిన వాయుసేనకు అప్పటికి మిగిలినవి 29.

ఇంజిన్ ఎందుకంత కష్టమో ఒక్క భాగాన్ని చూసి అర్థం చేసుకోవచ్చు. టర్బైన్ బ్లేడు మన చూపుడువేలంత ఉంటుంది. దాని చుట్టూ ఉన్న గాలి వేడి, ఆ లోహం కరిగే వేడికంటే ఎక్కువ. అయినా కరగకుండా నిమిషానికి వేల చుట్లు తిరగాలి. అందుకే బ్లేడు కడుపులో సన్నటి దారులు చేసి చల్లగాలి పంపుతారు. మామూలు పోతలో లోహం గింజలు గింజలుగా గడ్డకడుతుంది, వేడికి ఆ గింజల అతుకుల దగ్గరే పగులు మొదలవుతుంది. కాబట్టి మొత్తం బ్లేడు ఒకే స్ఫటికంగా పెరిగేలా పోత పోయాలి. ఈ విద్య ప్రపంచంలో కొద్ది దేశాల దగ్గరే ఉంది. మన కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, హెలికాప్టర్ ఇంజిన్ కోసం అలాంటి బ్లేడ్లు చేసి 2021లో హెచ్‌ఏఎల్‌కు 60 అందించింది. చేయలేమన్న మాట అక్కడితో పోయింది.

మరి లోటు ఎక్కడుంది? నా దృష్టిలో ఓపికగా పెట్టే డబ్బులోనూ, పరీక్షా సౌకర్యాలలోనూ ఉంది. కావేరిని ఆకాశంలో పరీక్షించడానికి 2010లో రష్యాకు తీసుకెళ్లి అక్కడి ఐఎల్-76 విమానానికి కట్టాల్సి వచ్చింది. పరీక్ష కోసం వాళ్ల తేదీలు దొరకాలి, పెట్టె కట్టి పంపాలి, లోపం కనబడితే తిరిగి తెచ్చి సరిచేసి మళ్లీ వరుసలో నిలబడాలి. ఇంట్లో పొయ్యి లేకుండా వంట నేర్చుకున్నట్టు ఉంటుంది ఆ పని. ఇంజిన్ పాడైతేనే ఇంజినీరుకు చదువు వస్తుంది. పదుల సంఖ్యలో ఇంజిన్లను పగిలేదాకా పరీక్షించడానికి డబ్బివ్వాలి. పగిలినప్పుడు ఆడిటర్ దాన్ని నష్టంగా రాయకూడదు.

అయిదోతరం యుద్ధ విమానం ఆమ్కాకు ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్‌తో కలిసి కొత్త ఇంజిన్ చేయాలన్న నిర్ణయాన్ని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మంచిదే. ఆ డ్రాయింగ్‌ల మూలన పేరెవరిదన్నది సంతకానికి ముందే తేలాలి.

లోహాల గురించి ఎందుకంతగా చెబుతారు? అది ఉక్కు కర్మాగారాల పని కదా?

విక్రాంత్ విమానవాహక నౌక దీనికి జవాబు చెబుతుంది. యుద్ధనౌక పొట్టకు వాడే ప్రత్యేకమైన ఉక్కు అప్పట్లో మనకు రష్యా నుంచి రావాల్సి ఉండేది. అది సమయానికి దొరకని పరిస్థితి వచ్చింది. అప్పుడు డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు, ఉక్కు సంస్థ సెయిల్, నౌకాదళం కలిసి డీఎంఆర్-249ఏ అనే ఉక్కును తయారుచేశారు. భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచి సుమారు 30 వేల టన్నుల ఉక్కు కొచ్చికి వెళ్లింది. 2022 సెప్టెంబరు 2న నౌక దళంలో చేరింది. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాల కొలిమిలో మొదలైంది 45 వేల టన్నుల నౌకగా సముద్రం మీద నిలబడింది. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1973లో పుట్టిన ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఇప్పటికీ ఈ రంగానికి గుండెకాయ. టైటానియం, తీవ్రమైన వేడిని తట్టుకునే సూపర్ అల్లాయ్‌లు అక్కడే కరుగుతాయి. అయితే చిన్న షాపుకు పది కిలోల సూపర్ అల్లాయ్ కావాలంటే కనీసం ఇంత కొనాలన్న షరతు దగ్గర ఆగిపోతుంది, నెలలు వేచి చూడాలి. చిన్న పరిమాణాల్లో, పరీక్షా పత్రంతో సహా లోహం అమ్మే ప్రభుత్వ నిల్వ కేంద్రం ఒకటి ఉంటే ఎన్ని షాపులు నిలబడతాయో!

ఇంకో విషయం అయస్కాంతాలు. క్షిపణి రెక్కను తిప్పే మోటారుకూ, డ్రోన్ మోటారుకూ అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్) అయస్కాంతాలు కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే కార్ల కంపెనీలు కూడా కంగారుపడ్డాయి. విశాఖపట్నంలో అరుదైన మృత్తికల పని చూసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్‌కు చెందిన సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కేంద్రాన్ని 2023లో జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3 టన్నులు. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా తీరం ఇసుకలో ఖనిజం పెట్టుకుని 3 టన్నులతో సరిపెట్టుకోకూడదు. తవ్వకంలో తీరపు ఊళ్లకు అన్యాయం జరగకూడదన్నదీ అంతే గట్టిగా చెబుతున్నాను.

మూడు దళాల్లో నౌకాదళం స్వదేశీలో ముందుందంటారు. నిజమేనా?

నిజమే. నౌకాదళం 1960లలోనే సొంత డిజైన్ విభాగం పెట్టుకుంది. ముందు బ్రిటిష్ డిజైన్‌తో ముంబయిలో నీలగిరి నౌకను కట్టి 1972లో దళంలో చేర్చుకున్నారు. కడుతూ నేర్చుకున్నది పెట్టుబడిగా సొంతంగా గీసిన గోదావరి 1983లో వచ్చింది. కొనేవాళ్లే గీసేవాళ్లు కావడంతో, మొదటి నౌకలో లోపాలున్నా తీసుకుని రెండోదాంట్లో సరిచేసుకున్నారు. మిగతా రెండు దళాలకూ అలాంటి డిజైన్ విభాగాలు కావాలి. ప్రయోగశాల గీసి, కర్మాగారం చేసి, దళం చివర్లో వచ్చి వంకలు పెట్టే పద్ధతిలో ముగ్గురికీ మనస్తాపమే మిగులుతుంది.

ఒక ఆయుధం కొనడానికి ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

ఏటాగ్స్ అనే 155 మిల్లీమీటర్ల ఫిరంగిని చూడండి. 2013లో పని మొదలైంది. 2017లోనే 48 కిలోమీటర్ల దూరం కొట్టి చూపించింది. 307 ఫిరంగులకు ఒప్పందం కుదిరింది 2025 మార్చిలో. మొత్తం పన్నెండేళ్లు. అందులో సగానికి పైగా పరీక్షలకూ కాగితాలకూ పోయింది.

కారణాల్లో మొదటిది భయం. 1980లలో బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల వివాదం తర్వాత సంతకం పెట్టిన అధికారికి రిటైరయ్యాక కూడా విచారణ తప్పదన్న భయం పాతుకుపోయింది. సంతకం పెట్టకపోతే ఎవరూ అడగరు. అవినీతిని ఉపేక్షించమని నేననను. నిజాయితీగా తీసుకున్న నిర్ణయం తప్పని తర్వాత తేలితే దాన్ని నేరంగా చూడకూడదంటున్నాను.

రెండోది, అర్హత సాధించిన వాళ్లలో తక్కువ ధర కోట్ చేసినవాడికే ఆర్డరివ్వాలన్న ఎల్-1 పద్ధతి. కుర్చీలు కొనడానికి అది సరే. ఎనిమిదేళ్లు సొంత డబ్బు పెట్టి డిజైన్ చేసినవాడినీ, బయటి నుంచి తెచ్చి అతికించేవాడినీ ఒకే తక్కెడలో తూచడం అన్యాయం. డిజైన్‌కు పెట్టిన ఖర్చుకు మార్కులుండాలి. మూడోది, దళాలు అడిగే లక్షణాల జాబితా. ప్రపంచంలోని ఉత్తమ బ్రోషర్లన్నీ ముందేసుకుని అన్నింటిలోని మంచినీ ఒక్క వస్తువులో అడిగితే అది ఎవరి దగ్గరా దొరకదు.

2025 నవంబరు 1 నుంచి వచ్చిన కొత్త రక్షణ కొనుగోలు మాన్యువల్ అభివృద్ధి దశలో ఆలస్యానికి జరిమానా వేయవద్దన్నది. అయిదేళ్ల వరకు ఆర్డరు భరోసా ఇవ్వవచ్చన్నది. ఏళ్లుగా అడుగుతున్న మాటలవి. అమలు చేసే బల్ల దగ్గరికి ఆ మాట చేరాలి.

చిన్న పరిశ్రమలకు అసలు ఇబ్బంది ఏమిటి?

ఆర్డర్లు లేకపోవడం అనుకుంటారు. మాకు ఆర్డరుండి మునిగిపోయే పరిస్థితి వచ్చిన ఏడాది ఒకటుంది. ఒక పెద్ద సంస్థకు రెండు వందల హౌసింగ్‌లు (పరికరాల పైతొడుగులు) పంపాం. వాళ్ల ఇన్‌స్పెక్టరే మా షాపుకొచ్చి ఒక్కోదాన్నీ కొలిచి ముద్ర వేశాడు. సరుకు వెళ్లాక స్టోర్స్‌లో రసీదు పడడానికి నెల. బిల్లులో రివిజన్ అక్షరం తప్పుందని తిరిగి పంపడానికి ఇంకో నెల. డబ్బు వచ్చేసరికి ఏడు నెలలు గడిచాయి. ఈలోగా ఓనరు గారు ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి జీతాలిచ్చారు. ఆ నెల జీతం కవరు తీసుకుంటూ మా మేస్త్రి, "ఇది అమ్మ గాజులు సార్" అని మెల్లగా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

చట్టం లేక కాదు. 2006 నాటి చిన్న, మధ్య తరహా పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) చట్టం ప్రకారం 45 రోజుల్లో చెల్లించాలి. లేకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. కానీ రేపు ఆర్డరిచ్చే చెయ్యి మీద ఇవాళ ఫిర్యాదు ఎవరు చేస్తారు? ఫిర్యాదు అవసరం లేకుండా, ఇన్‌స్పెక్షన్ ముద్ర పడిన రోజే గడియారం మొదలై 45వ రోజున వడ్డీ దానంతటదే బిల్లులో చేరేలా ఉండాలి.

తర్వాతిది పరీక్షల భారం. వైబ్రేషన్ పరీక్షకో, ఉప్పునీటి పొగమంచు పరీక్షకో పెట్టె పట్టుకుని ఊళ్లు తిరగాలి. 2020లో 400 కోట్లతో పరీక్షా కేంద్రాల పథకం పెట్టారు. అయితే ఆమోదం పొందిన కేంద్రాలు తమిళనాడు, ఉత్తరప్రదేశ్ రక్షణ పరిశ్రమల కారిడార్ల వైపే మొగ్గాయి. క్షిపణి పరిశ్రమ గూడుకట్టుకున్న హైదరాబాద్‌కు అలాంటివి ఇంకా కావాలి.

ప్రభుత్వ సంస్థలు మంచివా, ప్రైవేటు సంస్థలా?

చేసే మనుషులు రెండు చోట్లా మనవాళ్లే. 2021 అక్టోబరు 1న 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చారు. మన ఎద్దుమైలారం కర్మాగారం సాయుధ వాహనాల కంపెనీ కిందికి వెళ్లింది. పేరుపలక మార్చినంతలో మార్పు రాదు, ధర నిర్ణయించుకునే స్వేచ్ఛా, ఎగుమతి వెతుక్కునే స్వేచ్ఛా కూడా రావాలి. ప్రైవేటు సంస్థలకు కావాల్సింది సమానమైన పోటీ. ఒకే సంస్థ పోటీదారూ పరీక్షకుడూ కాకూడదు.

విదేశీ పెట్టుబడి 74 శాతానికి పెంచారు కదా, టెక్నాలజీ రాలేదా?

పెట్టుబడి వస్తుంది, షెడ్లు లేస్తాయి. అసలు విద్య వాటా శాతంతో రాదు. తరాలుగా కష్టపడి సంపాదించుకున్న బ్లేడు పోత రహస్యాన్ని ఏ దేశమూ డబ్బుకు అమ్మదు. మన దగ్గర ఎంతో కొంత ఉన్నప్పుడే ఎదుటివాడు పంచుకోవడానికి కూర్చుంటాడు.

ఎగుమతులు పెంచడం సరైన లక్ష్యమేనా?

ఫిలిప్పీన్స్‌తో 2022 జనవరిలో 37.5 కోట్ల డాలర్ల బ్రహ్మోస్ క్షిపణుల ఒప్పందం కుదిరి 2024 ఏప్రిల్‌లో మొదటి విడత వెళ్లింది. బయటివాడు కొంటే లైన్ ఆగకుండా నడుస్తుంది, ఒక్కో వస్తువు ఖర్చు తగ్గుతుంది. సరైన లక్ష్యమే. ఎవరికి అమ్ముతున్నాం, వాళ్లు ఎవరి మీద వాడుతున్నారు అన్నది మాత్రం పార్లమెంటు ముందు చర్చకు రావాలి. చేసిన వస్తువుకు మన ఊరి చేతిముద్ర ఉంటుంది, అది ఎక్కడ పేలుతుందో తెలుసుకోవడం మన బాధ్యత.

డ్రోన్లు, స్టార్టప్‌ల సంగతి?

2018లో మొదలైన రక్షణ రంగ స్టార్టప్‌లకు సాయం చేసే ఐడెక్స్ పథకం మంచి పని చేసింది. కోటిన్నర దాకా, తర్వాతి రూపాల్లో 10 కోట్లు, 25 కోట్ల దాకా సాయం అందుతోంది. హైదరాబాద్ కుర్రాళ్లు స్కైరూట్ పేరుతో 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి దేశపు తొలి ప్రైవేటు రాకెట్ ఎగరేశారు. ఆ రోజు మా షాపులో అందరం పని ఆపి ఫోన్‌లో చూశాం.

చిక్కంతా నమూనా గెలిచాకే మొదలవుతుంది. బహుమతి వస్తుంది, ఫొటో వస్తుంది, ఆర్డరు రాదు. పదిమంది ఉన్న కంపెనీ రెండేళ్లు ఆర్డరు లేకుండా బతకలేదు. పరీక్ష నెగ్గితే ఇన్ని కొంటామని సంఖ్య ముందే రాసివ్వాలి. డ్రోన్లలో మరో జాగ్రత్త కావాలి. చైనా భాగాలున్నాయని 2025 ఫిబ్రవరిలో 400 డ్రోన్ల ఒప్పందాలను రక్షణ శాఖ రద్దు చేసింది. మోటారు, ఫ్లైట్ కంట్రోలర్, రేడియో ఎక్కడివో ఊడదీసి చూసే ప్రయోగశాల ప్రతి కొనుగోలుకూ ముందుండాలి.

తెలుగు రాష్ట్రాలు ఏం చేయగలవు?

కంచన్‌బాగ్ చుట్టూ క్షిపణులు గీసే ప్రయోగశాల డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే బీడీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో పాటు అరిహంత్ జలాంతర్గామి పుట్టిన నౌకానిర్మాణ కేంద్రం. మచిలీపట్నంలో 1926లో పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఇవాళ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్ యూనిట్‌గా, సైనికులు చీకట్లో చూడటానికి వాడే అద్దాలు చేస్తోంది. కర్నూలు జిల్లాలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. కృష్ణా జిల్లా నాగాయలంకలో క్షిపణి పరీక్షా కేంద్రం రాబోతోంది.

రెండు రాష్ట్రాలూ భూమి, రాయితీల్లో ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయి. ఆ డబ్బులో కొంత కలిపి ఉమ్మడి పరీక్షా కేంద్రాలు పెడితే బాలానగర్ షాపుకూ ఆటోనగర్ షాపుకూ మేలు. భూమి ఇచ్చిన రైతు పిల్లలకు గేటు కాపలా ఉద్యోగం దగ్గరే ఆగకుండా మిషన్ పని నేర్పాలన్నది ఒప్పందంలో రాయించాలి.

మా అబ్బాయి, అమ్మాయి ఈ రంగంలోకి రావచ్చా? ఏం చదవాలి?

తప్పకుండా రావచ్చు. అందరూ ఏరోనాటికల్ డిగ్రీయే అడుగుతారు, కానీ పరిశ్రమకు కరువుగా ఉన్నది మంచి టూల్‌మేకర్లు, వెల్డర్లు, కొలత తెలిసినవాళ్లు. బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో చదివిన పిల్లలు నాకు ఎన్నోసార్లు పాఠాలు చెప్పారు. ఐటీఐలలో ఇంకా పాత లేత్ మీదే శిక్షణ ఆగిపోతోంది. ప్రతి జిల్లాలో కనీసం ఒక ఐటీఐకి ఫైవ్ యాక్సిస్ మిషన్, కొలత గది ఇవ్వాలి.

ఈ డబ్బు బడులకూ ఆసుపత్రులకూ పెట్టకూడదా?

న్యాయమైన ప్రశ్న. 2025-26లో రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. పింఛన్లకు 1.6 లక్షల కోట్లు, కొత్త ఆయుధాలకూ పరికరాలకూ 1.8 లక్షల కోట్లు. డీఆర్‌డీఓకు 26,816 కోట్లు, అంటే మొత్తంలో నాలుగు శాతం కూడా లేదు. మొత్తం పెంచమని నేనడగడం లేదు. దిగుమతికి పోయే డబ్బులో కొంత ఇక్కడి పరిశోధనకు మళ్లితే అది ఇక్కడి జీతాలుగా, ఇక్కడి పన్నులుగా తిరిగొస్తుందంటున్నాను. హృదయనాళాల్లో పెట్టే స్టెంట్‌ను అబ్దుల్ కలాం గారు, డాక్టర్ సోమరాజు గారు కలిసి తక్కువ ధరకు తెచ్చింది ఈ హైదరాబాద్‌లోనే, క్షిపణుల కోసం పుట్టిన లోహవిద్యతోనే.

మామూలు పౌరుడు ఏం చేయగలడు? మా ఎంపీని ఏం అడగాలి?

రక్షణపై పార్లమెంటు స్థాయీ సంఘం ప్రతి ఏడాదీ పద్దుల మీద నివేదికలిస్తుంది, అవి లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవవచ్చు. మీ ఎంపీ కనబడితే ఎగుమతుల అంకె అడగకండి, అది రోజూ పేపర్లో వస్తుంది. ఇంజిన్‌ను ఆకాశంలో పరీక్షించే సొంత విమానం మనకెప్పుడొస్తుందో అడగండి. చిన్న యూనిట్లకు 45 రోజులు దాటి బకాయి పడిన బిల్లులెన్ని, వాటికి కట్టిన వడ్డీ ఎంత అని సభలో లిఖిత ప్రశ్న వేయమనండి. ఆమ్కా ఇంజిన్ ఒప్పందంలో, డిజైన్ మార్చుకునే హక్కు ఎవరి పేరున ఉందో కూడా అడగమనండి.